గుర్రం చూపిన నీళ్లు

చేతి మీద కాలిన మచ్చ ఉంటే ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం, మెడ మీద ఉంటే చున్నీ కప్పుకోవడం... ఎక్కడైనా మామూలే. కానీ ఫ్రాన్స్‌లోని ఓ చిన్న ఊళ్లో ఆ దాపరికం అక్కర్లేదు. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామందిది అదే బాధ మరి. ఆ ఊరే లా రోష్ పోసే.

ఎక్కడో విన్నట్టుందా? మందుల షాపుల్లో క్రీముల ట్యూబుల మీద కనిపించే పేరే. కంపెనీకి ఆ పేరు ఈ ఊరి నుంచే వచ్చింది.

పారిస్ నుంచి రైల్లో షాతెల్రో వెళ్లి, అక్కణ్నుంచి దాదాపు పాతిక కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్తే లా రోష్ పోసే వస్తుంది. కింద క్రూజ్ నది. పైన కొండరాయి మీద మధ్యయుగాల నాటి బురుజు, రాళ్లు పరిచిన ఇరుకు వీధులు. ఊరి జనాభా సుమారు 1,500.

ఈ ఊరి నీళ్లకో కథ ఉంది. 14వ శతాబ్దంలో సేనాని దు గెక్లాన్ స్పెయిన్ నుంచి తిరిగొస్తూ ఇక్కడ ఆగాడట. చర్మవ్యాధితో ఒళ్లంతా పుళ్లు పడ్డ అతని గుర్రం బుగ్గలోకి దిగి, నయమై బయటికొచ్చిందట. కథ మాటెలా ఉన్నా ఎగ్జిమా, సొరియాసిస్, కాలిన గాయాల మచ్చలతో బాధపడేవాళ్లు ఇప్పటికీ ఇక్కడికి వస్తూనే ఉన్నారు. డాక్టరు రాసిన చీటీతో వచ్చి, మూడు వారాలుండి, 18 రోజులు చికిత్స తీసుకుంటారు.

మచ్చల కోసం వచ్చేవాళ్లకు ముఖ్యమైంది సన్నధారల స్నానం. దారాల్లాంటి నీటిధారలను ఒత్తిడితో నేరుగా మచ్చ మీదికి వదులుతారు. కొత్తవాళ్లు మొదట్లో చురుక్కుమని ఉలిక్కిపడతారు. తర్వాత వేళ్లతో మచ్చను పట్టి, కదిలించి మర్దన చేస్తారు. గాయం పూర్తిగా మానాకే ఇవన్నీ.

ఇంత శ్రమ అందం కోసమేనా? కాదు. గాయం మానేటప్పుడు అక్కడ కొల్లాజెన్ పోగులు చిక్కగా పేరుకుని, ముడుచుకుపోతాయి. ఆ మచ్చ మోచేతి దగ్గరుంటే చెయ్యి చాపలేరు. మెడ మీదుంటే తల తిప్పలేరు. దురద రాత్రుళ్లు నిద్రపోనివ్వదు. అందుకే మచ్చ మెత్తబడితే చాలు, అన్నం ముద్ద నోటిదాకా వెళ్తుంది, జడ వేసుకోవడం కుదురుతుంది.

అయితే ఏ నీళ్లూ మచ్చను చెరిపేయలేవు. మెత్తబరుస్తాయి, అంతే. కాన్పు తర్వాత పొట్ట మీద మిగిలే చారలూ అంతే. లేజర్‌తో, సన్నని సూదులతో చేసే చికిత్సల వల్ల అవి కొంత తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. పోగొడతామని హామీ ఇచ్చేవాళ్లను నమ్మకపోవడమే మేలు.

మరి ఫ్రాన్స్ వెళ్లలేనివాళ్ల సంగతో? మర్దన, సిలికాన్ పట్టీలు, బిగుతుగా ఉండే ప్రెజర్ దుస్తులు, ఎండ తగలకుండా జాగ్రత్త... కాలిన గాయాలకు చికిత్స చేసే డాక్టర్లు మన దగ్గరా చెప్పేవి ఇవే. నెలల తరబడి ఓపిగ్గా చేయాలి.

అన్నట్టు, లా రోష్ పోసేకి వచ్చినవాళ్లకు ఇంకోటీ దొరుకుతుంది. తెల్ల గౌన్లలో వరసగా కూర్చుని వంతు కోసం ఎదురుచూసేటప్పుడు పక్కవాళ్ల చేతికేసి ఎవరూ వింతగా చూడరు. మచ్చ మెత్తబడటానికి వారాలు పట్టొచ్చు గానీ, ఆ ఊరట మాత్రం మొదటి రోజే!