అక్షరాల రంగులు

నాకు 'అ' కుంకుమ రంగు. 'మ' రాగిసంగటి రంగు. 'ల' వాన వెలిసినాక చింతచిగురు. చిన్నప్పటి నుంచీ అంతే, ఒక్కనాడూ మారలేదు. తమిళనాడులోని డెంకణికోటలో కన్నడ అక్షరం కనబడినా మన తెలుగు రంగే, రూపం దగ్గరిది కదా! తమిళ అక్షరాలవి వేరే రంగులు.

బడిలో చెబితే అబద్ధమన్నారు. చాలా ఏడ్చినాను. ఇట్లా అక్షరాలకు రంగులు కనబడటాన్ని సినెస్థీషియా అంటారనీ, జబ్బు కాదనీ పెద్దయినాకే తెలిసింది. తమిళనాడులో పుట్టిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్‌తో కలిసి 2001లో పరీక్షలు పెట్టి, ఇది కల్పన కాదని చూపించినారు. నల్లటి 5 అంకెల గుంపులో దాచిన 2 అంకెలను మాలాంటివాళ్లలో కొందరు రంగును బట్టి త్వరగా పట్టేస్తారు.

మీ బిడ్డ "క నీలంగా ఉంది" అంటే కసరకండి. 'ఖ' ఏ రంగో అడగండి.