చక్రాల మీది ఇల్లు: నీరు, నిప్పు, చిరునామా

కోల్‌కతాకు నైరుతి దిశలో, హుగ్లీ తూర్పుగట్టున ఉన్న బడ్జ్ బడ్జ్ చమురు రేవు. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో కిరోసిన్ నిల్వలతో మొదలైన ఆ ఊరి వృత్తి ఇవాళ ప్రభుత్వ రంగ చమురు కంపెనీల టెర్మినళ్ల రూపంలో కొనసాగుతోంది. ఆ గేట్ల బయట బారులు తీరే ట్యాంకర్ లారీలను మోటార్‌హోమ్‌లని ఎవరూ పిలవరు. నెలలో సగానికి పైగా రోజులు ఒక మనిషి నిద్రపోయేదీ, బట్టలు ఆరేసుకునేదీ, బకెట్టూ సబ్బూ దాచుకునేదీ ఆ క్యాబిన్‌లోనే. అయినా మన పర్యాటక శాఖల దృష్టిలో చక్రాల మీది ఇల్లు అంటే సోఫా, షవర్, గోడకు బిగించిన టీవీ ఉన్న బండి మాత్రమే. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. తరువాత మరికొన్ని రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. స్తోమత గల కుటుంబాలు సొంతంగా బండ్లు కట్టించుకోవడమూ మొదలైంది.

కొత్తగా బండి కొన్నవారి జాబితాలో మొదట కనిపించేవి ఫ్రిజ్, ఏసీ, కాఫీ యంత్రం. ఈ క్రమం తలకిందులైనది. కదిలే ఇంటికి ఏది ముందు కావాలో, ఏది లేకపోతే ఏమవుతుందో బడ్జ్ బడ్జ్ చరిత్రే ఒకసారి చూపించింది. అది లారీ కాదు, ఓడ.

1914 ఏప్రిల్‌లో గుర్దిత్ సింగ్ అద్దెకు తీసుకున్న జపాన్ ఓడ కొమగాటా మారు హాంకాంగ్ నుంచి బయలుదేరింది. మే 23న వాంకూవర్ చేరేనాటికి అందులో 376 మంది ప్రయాణికులున్నారు. అత్యధికులు పంజాబీ సిక్కులు. స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చినవారికే ప్రవేశమన్న నిబంధనను చూపి కెనడా వారిని దిగనివ్వలేదు. భారతదేశం నుంచి అలా నేరుగా వెళ్లే ఓడ మార్గమే లేని రోజులవి. నిబంధనలో జాతి పేరు లేదు, అవసరమూ లేదు. రెండు నెలలపాటు ఓడ రేవులోనే నిలిచింది. తీరం కళ్లెదుట ఉంది, ఓడలో మాత్రం మంచినీరూ ఆహారమూ నిండుకున్నాయి. సరుకులు అందనివ్వడం, ఆపడం అధికారుల చేతిలో ఆయుధమయింది. తిరుగు ప్రయాణానికి తగిన సరుకులు సమకూర్చాకే జులై 23న ఓడ కదిలింది.

సెప్టెంబరు 29న అది చేరిన రేవు బడ్జ్ బడ్జ్. అక్కడ ప్రయాణికుల కోసం ఒక ప్రత్యేక రైలు సిద్ధంగా ఉంది. వారు అడిగిన కలకత్తాకు కాదు, ప్రభుత్వం నిర్ణయించిన పంజాబ్‌కు. అంతకు కొద్దివారాల ముందే, దేశంలోకి వచ్చేవారి కదలికలను కట్టడి చేసే అధికారాన్ని ప్రభుత్వం ఆర్డినెన్స్ ద్వారా పొందింది. రైలెక్కబోమని వారు కలకత్తా వైపు నడిచారు, వెనక్కి మళ్లించారు, కాల్పులు జరిగాయి. సుమారు ఇరవైమంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. 1952లో నెహ్రూ ఆవిష్కరించిన స్మారకం అక్కడ నేటికీ ఉంది. వినోదయాత్రకు పోయే బండినీ ఆ ఓడనూ ఒకే తక్కెడలో వేయడం తగదు. కానీ కదిలే ఇంటి మూడు బలహీనతలు రెండింటికీ సమానం: నీరు అయిపోవడం, ఆగడానికి చోటు దొరకకపోవడం, చూపిన కాగితం చాలకపోవడం.

కాబట్టి నీటితో మొదలుపెట్టాలి. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు అయిదు లీటర్లు కావాలి. పొదుపుగా స్నానం, గిన్నెలు కలిపితే ఇరవై దాటుతుంది. నలుగురికి రెండు రోజులకు నూట అరవై లీటర్లు, అంటే నూట అరవై కిలోల బరువు. ఆ తొట్టెను ఇరుసుల మధ్య కిందివైపు అమర్చాలి. వెనక కొసన పెడితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగు తేలిపోతుంది. తొట్టె ఆహార పదార్థాలకు పనికొచ్చే ప్లాస్టిక్‌దో స్టీలుదో కావాలి. నీళ్లు పట్టే పైపు వేరు, మురికి తొట్టె కడిగే పైపు వేరు. రంగులు వేరుగా ఉంటే చీకట్లో పొరపాటు జరగదు. గంగ డెల్టా వంటి చోట పక్కనే నది ఉందన్న ధీమా పనికిరాదు. హుగ్లీ నీరు బురదతో, పోటుతో వస్తుంది, వడపోసినా మరిగించనిదే తాగరాదు. రెండు ఇరవై లీటర్ల క్యాన్లు విడిగా ఉంచుకోవడం తొట్టె కన్నా ముఖ్యం. తొట్టె పాడైతే మిగిలేవి అవే.

తరువాతది నిప్పు. ఇంట్లో వాడే 14.2 కిలోల సబ్సిడీ సిలిండరును బండిలోకి ఎక్కించడం చాలామంది చేసే మొదటి తప్పు. చిరునామా రుజువు లేకుండా గుర్తింపు పత్రంతోనే దొరికే అయిదు కిలోల సిలిండరు ఇందుకు తగినది. నిజానికి అది వలస కార్మికుల కోసం వచ్చిన ఏర్పాటు, కారవాన్ యజమానులకూ అదే దిక్కు కావడం ఒక చిత్రం. ఎల్పీజీ గాలికన్నా బరువైనది. కారితే పైకి పోదు, నేలమీద మడుగులా నిలుస్తుంది. అందుకే సిలిండరు అరకు నేలమట్టంలో బయటికి తెరిచిన రంధ్రం తప్పనిసరి, వాయువు పసిగట్టే పరికరాన్నీ పాదాల ఎత్తులోనే బిగించాలి. గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చాలి. పొడి రసాయనపు అగ్నిమాపకం ఒకటి వంట దగ్గర కాదు, తలుపు దగ్గర ఉండాలి, మంట రేగినప్పుడు పారిపోయే దారిలోనే చేతికి అందేలా. తలుపులు బిగించుకుని పొయ్యితో చలి కాచుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. దానికి వేరే అలారం కావాలి.

ఇంధనం మోసే ట్యాంకర్ డ్రైవరు మాత్రం తన క్యాబిన్‌లో అన్నం వండుకోలేడు. టెర్మినల్ గేటు దగ్గర అగ్గిపెట్టె సైతం అప్పగించవలసిందే. అది న్యాయమైన నియమం. దానికి బదులుగా వంటకూ స్నానానికీ గేటు బయట నీడ ఉన్న చోటు కల్పించాలి కదా అన్న ప్రశ్న విధాన పత్రాల్లోకి ఎక్కలేదు. లారీ క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేయడానికే 2025 దాకా ఆగవలసి వచ్చింది, అదీ కొత్తగా తయారయ్యే లారీలకే.

విద్యుత్తు విషయంలో లెక్క వేసుకున్నవారు మోసపోరు. పన్నెండు వోల్టుల, వంద ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ ఇచ్చేది సుమారు పన్నెండు వందల వాట్-అవర్లు. పాతిక వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగితే రెండు వందల యాభై. వెయ్యి వాట్ల ఏసీ గంటలో ఆ మొత్తం మింగేస్తుంది. పైకప్పు మీది సోలార్ పలక ఎండలోనే పనిచేస్తుంది, బండిని మాత్రం నీడలో ఆపాలనిపిస్తుంది. ఈ తగవుకు పరిష్కారం లేదు. బెంగాల్ వానాకాలంలో ఏసీ కన్నా దోమతెరా, కిటికీ జాలీ, రెండు మంచి ఫ్యాన్లే ఎక్కువ నిద్రనిస్తాయి.

మిగిలినవి చిన్నవి. చక్రాలకు అడ్డుకట్టెలు, టైరు గాలి కొలిచే మీటరు, ఫ్యూజులు, తార్పాలిన్. ఒండ్రు నేల మీద జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్కపలక, లేకపోతే బండి లేవదు, జాకీయే నేలలోకి దిగుతుంది. మరుగుదొడ్డి క్యాసెట్ రకం మేలు, అయితే దాన్ని ఖాళీ చేయడానికి అధికారిక స్థలాలు మన దేశంలో దాదాపు లేవు. కారవాన్ విధానాలు ప్రకటించే ప్రభుత్వాలు మొదట కట్టవలసినది అదే. ఫొటోకు అందమైనది కాదు కనుక చివరికి పోతుంది.

తెలుగువారికి చక్రాల మీది ఇల్లు అనగానే గుర్తొచ్చేది వేరే బండి. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యాను చైతన్య రథమై రాష్ట్రమంతా తిరిగింది, హరికృష్ణ నడిపారు. ఎన్టీఆర్ రోడ్డు పక్కన స్నానం, రోడ్డు పక్కన భోజనం చేస్తూ వెళ్లారు. ఇవాళ్టి కొలమానంతో ఆ బండిలో సదుపాయాలు లేవనే చెప్పాలి. దానికి ఉన్నవి మైకూ, నిలబడడానికి పైకప్పూ. మిగతావన్నీ దారి పొడవునా జనం ఇచ్చారు, నీళ్లతో సహా. 1983 జనవరిలో ఆ జనమే అధికారమూ ఇచ్చారు. ఆ తరువాత వచ్చిన ప్రచార రథాలకు అద్దాలూ, ఏసీలూ, లిఫ్టులూ చేరాయి. లోపల సౌకర్యం పెరిగినకొద్దీ బయట దిగవలసిన అవసరం తగ్గింది. సదుపాయం నాయకుడిని ఓటరు నుంచి వేరుచేసే తీరును కొలవాలంటే ఈ బండ్లనే చూడవచ్చు.

కాగితాలు చివరగా చెప్పినా ముందుగా కొనవలసినవి. వ్యానును సొంతంగా ఇల్లుగా మార్పించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారిస్తే అనుమతి, రిజిస్ట్రేషన్‌లో నమోదు ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ ముందుగా చూసేది ఆ తేడానే. కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. పని చేసే వర్క్‌షాపును దాని గురించి అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది.

ఇక చిరునామా. ప్రజాప్రాతినిధ్య చట్టం-1950 ప్రకారం ఓటు 'సాధారణంగా నివసించే' చోట. ఇల్లు ఉండటం ఒక్కటే చాలదు, తాత్కాలికంగా ఊళ్లో లేకపోవడం వల్ల అది పోదు. ఊళ్లో ఇల్లుంచుకుని ఆరునెలలు తిరిగే విశ్రాంత దంపతులకు ఈ నిబంధన రక్ష. బండి తప్ప మరేమీ లేనివారి సంగతి వేరు. నిరాశ్రయుల విషయంలో బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్లి, చెప్పిన చోటే పడుకుంటున్నారో లేదో చూడాలన్నది ఎన్నికల సంఘం పద్ధతి. రోజుకో చోట పడుకునేవారికి అది ఎలా వర్తిస్తుంది? 2025 నవంబరు 4న పశ్చిమ బెంగాల్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలై ఇంటింటికీ పత్రాలు వెళ్లినప్పుడు, ఇంట్లో ఉన్న వయోజనులు సంతకం చేస్తే చాలన్న వెసులుబాటు దూరంగా ఉన్నవారికి దక్కింది. ఇంట్లో ఎవరూ లేని ట్యాంకర్ డ్రైవరుకు దక్కలేదు. ఒకప్పుడు విశాఖ, గంజాం జిల్లాల నుంచి హుగ్లీ తీరపు జూట్ మిల్లులకు వలస వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు ఏ ఊరి జాబితాలో ఉండాలన్న ప్రశ్నా ఇదే చట్టం కిందకు వస్తుంది. కొత్త బండి యజమాని ఓటరు గుర్తింపు, రిజిస్ట్రేషన్, బీమా ప్రతులను నీరు చొరని సంచిలో పెట్టి డ్యాష్‌బోర్డులో ఉంచుకోవాలి. అసలు పత్రాలు ఊళ్లో నమ్మకస్తుల దగ్గర ఉండాలి. సవరణ పత్రం తలుపు తట్టినప్పుడు సంతకం చేయవలసిన మనిషి కూడా వారే గనుక, తమ పేరు ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోమని వారికి చెప్పి బయలుదేరాలి.