తాళం సరే... గొళ్లెం మాటేమిటి?

ఊరెళ్లేముందు ఇంటికి తాళం వేయడం ఒక ఎత్తు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి వెనక్కి చూసుకోవడం ఇంకో ఎత్తు. కోనసీమ పల్లెలోనైనా, రాజమండ్రి వీధిలోనైనా ఆ బెంగకు ఒకటే మందు ఉండేది. ‘వదినా, నాలుగ్రోజుల్లో వచ్చేస్తాం. కాస్త మా ఇల్లు కనిపెట్టి ఉండండి’ అని పక్కింట్లో ఓ మాట చెప్పి బస్సెక్కేయడమే! తర్వాత్తర్వాత పక్కిల్లు కాస్తా అపార్టుమెంటైంది. ఎదురు ఫ్లాటులో ఎవరుంటున్నారో తెలియని రోజులొచ్చాయి. మరి ఎవరికి చెప్పి వెళ్లాలి?

పోలీసులకే చెప్పి వెళ్లమంటూ వచ్చింది ‘లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్’. పొట్టిగా ఎల్‌హెచ్ఎంఎస్. రాజమహేంద్రవరం సహా రాష్ట్రంలోని పలు పట్టణాల్లో పోలీసులు తెచ్చిన పద్ధతి ఇది. ఫోనులో యాప్ వేసుకుని పేరు నమోదు చేసుకోవాలి. ఊరెళ్లేటప్పుడు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా ఇంట్లో ఉండమని తెలియజేయాలి. సిబ్బంది వచ్చి ఇంట్లో ఓ చిన్న కెమెరా అమరుస్తారు. లోపల ఎవరైనా కదిలితే అది పసిగట్టి కంట్రోల్ రూమ్‌కి కబురు పంపుతుంది. అక్కణ్నుంచి గస్తీ తిరిగే పోలీసులకు సమాచారం వెళ్తుంది. ఇంటివాళ్లు పైసా కట్టక్కర్లేదు.

వినడానికి ఎంత తేలిగ్గా ఉందో కదా! కానీ కేసు కట్టడం, సాక్షుల్ని విచారించడం నేర్పినట్టు పోలీసు శిక్షణలో సాఫ్ట్‌వేర్ రాయడం నేర్పరు. ఆ విద్య ఇంజినీరింగ్ కాలేజీ దాటి, ముగ్గురు నలుగురు కలిసి చిన్న గదిలో కంపెనీ పెట్టుకున్న కుర్రకారు దగ్గరుంది. వాళ్లకేమో దొంగ ఏ వేళకు వస్తాడో, గస్తీ కానిస్టేబుల్ పాట్లేమిటో తెలియదు. అందుకే ఖాకీకీ, కంప్యూటరుకీ స్నేహం కుదిరింది.

కేరళ పోలీసులు 2016లోనే తిరువనంతపురం టెక్నోపార్కులో ‘సైబర్‌డోమ్’ పెట్టి బయటి సాంకేతిక నిపుణుల్ని కలుపుకొన్నారు. గురుగ్రామ్‌కు చెందిన స్టాక్యూ అనే అంకుర సంస్థ పంజాబ్ పోలీసులకు, ఆ తర్వాత ఉత్తర్‌ప్రదేశ్ పోలీసులకు నేరస్తుల ముఖాలు గుర్తుపట్టే యాప్‌లు తయారుచేసిచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2025 జూన్‌లో గుంటూరులో కృత్రిమ మేధ మీద మూడు రోజుల హ్యాకథాన్ నిర్వహించారు. తమకున్న చిక్కులివీ, విప్పండంటూ అంకుర సంస్థల ముందు పెట్టారు. ఆ మరుసటి ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. కొత్త కంపెనీలకు ఊతమిచ్చే ఆ సంస్థ శాఖల్లో ఒకటి రాజమహేంద్రవరానిదే.

గోదావరి వాసులకు ఇదేదో హైదరాబాదు, బెంగళూరు ముచ్చట కాదు. 2015 జులై 14ను ఇక్కడెవరూ మరచిపోలేరు. ఆ రోజు పుష్కరాల తొలి ఉదయం. రాజమహేంద్రవరం పుష్కరఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. గోదారమ్మ ఒడిలో మునకేసి వద్దామని బయల్దేరినవాళ్లు వాళ్లంతా. అన్ని ఘాట్లుండగా అంతమందీ ఒక్కచోటికే చేరుతున్నారని ముందే తెలిసి ఉంటే? తెలిసిన వెంటనే వెనక వచ్చేవాళ్లను వేరే ఘాట్లకు మళ్లించి ఉంటే? 2027 పుష్కరాల ముంగిట అందరినీ వేధించే ప్రశ్నలివి.

మొదటి ప్రశ్నకు సాంకేతికత దగ్గర జవాబుంది. పైనుంచి కెమెరానో డ్రోనో చూస్తుంది. ఎంత జాగాలో ఎన్ని తలలున్నాయో సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది. చదరపు మీటరులో నలుగురు దాటారంటే కలవరపడాల్సిందే. ఆరేడుగురైతే ఎవరి కాళ్లూ ఎవరి మాటా వినవు. జనం నీళ్లలా ఒక వైపుకి ఊగుతారు. అప్పుడు తొయ్యొద్దని అరిచినా లాభం లేదు. ఎందుకంటే అక్కడ ఎవరూ కావాలని తొయ్యరు. వెనకవాళ్లకు ముందు ఏం జరుగుతోందో కనిపించదు, అంతే. ఆ కనిపించనిదాన్ని చూపించడమే కెమెరా పని.

రెండో ప్రశ్నకు జవాబు మాత్రం కంపెనీలు అమ్మే పెట్టెలో ఉండదు. 2025 మహాకుంభమేళాకు ప్రయాగ్‌రాజ్‌లో రెండున్నర వేలకు పైగా కెమెరాలు పెట్టారు. వాటిలో కొన్ని వందలు కృత్రిమ మేధతో రద్దీని అంచనా వేసేవి. అయినా జనవరి 29 తెల్లవారుజామున సంగమం దగ్గర తొక్కిసలాట జరిగింది. 30 మంది చనిపోయారని అధికారులు ఆ రోజు ప్రకటించారు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌ది ఇంకో కథ. 2022 అక్టోబరు 29న ఇటేవాన్ అనే పేటలో, ఓ ఇరుకు సందులో 159 మంది బలయ్యారు. దుర్ఘటనకు దాదాపు నాలుగు గంటల ముందు నుంచే ‘ఇక్కడ నలిగిపోయేలా ఉన్నాం’ అంటూ జనం పోలీసులకు ఫోన్లు చేశారు. ఒకటి కాదు, పదకొండు! హెచ్చరిక అందింది. కదలాల్సిన చెయ్యే కదల్లేదు.

తాళం వేసితిని, గొళ్లెం మరచితిని అంటే ఇదే. కెమెరా తాళమైతే, హెచ్చరిక రాగానే ‘ఆపండి’ అనగల అధికారం గొళ్లెం. తెర మీద ఎర్ర గీత వెలిగినప్పుడు కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఎస్సై పైఅధికారి ఫోనెత్తేదాకా ఆగాలా, తానే గేటు మూయించవచ్చా? ఇది సాఫ్ట్‌వేరు తేల్చేది కాదు. ముందే కాగితం మీద రాసుకోవాల్సింది.

మరిచిపోకూడని గొళ్లెం ఇంకొకటుంది. తలల్ని లెక్కపెట్టడం వేరు, ముఖాల్ని గుర్తుపట్టడం వేరు. రద్దీ తెలియాలంటే ఎంతమంది వచ్చారన్నది చాలు. ఎవరెవరు వచ్చారన్నది అక్కర్లేదు. అయితే జాతరలో తప్పిపోయిన పిల్లాణ్ని వెతకాలంటే ముఖాలు గుర్తుపట్టే పరిజ్ఞానం అక్కరకొస్తుంది. 2018లో దిల్లీ పోలీసులు ప్రయోగాత్మకంగా వాడి, నాలుగు రోజుల్లో దాదాపు మూడు వేల మంది పిల్లల ఆచూకీ పట్టుకున్నారన్న వార్త ఎందరో తల్లుల్లో ఆశ రేపింది. కానీ ఆ పరిజ్ఞానం ఆడపిల్లకూ మగపిల్లాడికీ తేడా కూడా పోల్చలేకపోతోందని మరుసటి ఏడాదే కేంద్రం దిల్లీ హైకోర్టుకు చెప్పింది. మనిషిని పోలిన మనుషులుంటారని పెద్దలు ఊరికే అనలేదు. యంత్రం పొరబడి ఒక కూలీనో విద్యార్థినో దొంగగా చూపిస్తే, తాను కాదని రుజువు చేసుకునే భారం ఎవరి నెత్తిన పడుతుంది?

అందుకే చిన్న కంపెనీతో పోలీసులు చేసుకునే ఒప్పందంలో ఏం రాశారన్నది ప్రతి కుటుంబానికీ కావాలి. స్నానానికి వచ్చిన లక్షలమంది చిత్రాలు ఎవరి దగ్గరుంటాయి? పుష్కరాలయ్యాక ఎన్నాళ్లకు చెరిపేస్తారు? ఇవాళ పుట్టి రేపు మూతపడే కంపెనీలెన్నో. అలా మూతపడితే ఆ సమాచారం ఎవరి చేతికి పోతుంది? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. కాకపోతే శాంతిభద్రతల వంటి కారణాలతో ప్రభుత్వ సంస్థలకు అందులో మినహాయింపులకు వీలుంది. చట్టం సడలింపు ఇచ్చినచోట ఒప్పందమే గట్టిగా ఉండాలి.

యాప్‌లు వస్తుంటాయి, పోతుంటాయి. 2020 ఫిబ్రవరిలో రాష్ట్రంలోకెల్లా తొలి దిశ పోలీస్ స్టేషన్ రాజమహేంద్రవరంలోనే మొదలైంది. దిశ యాప్ ఇంటింటి మాటైంది. 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. పేరేదైనా ఆపదలో ఉన్న ఆడపిల్లకు కావలసింది ఒకటే... మీట నొక్కితే మనిషి రావాలి. ఎంత సేపట్లో వచ్చారన్నదే ఆ యాప్‌కు పరీక్ష.

2027లో గోదావరి గట్టున నిలబడే కానిస్టేబుల్‌కు ఆ కుర్రాళ్లు తయారుచేసిన పరికరం ఎన్నో కళ్లు ఇవ్వగలదు. ఆ కళ్లకు కనిపించింది చూసి, ఎవరినీ అడగక్కర్లేకుండా ఘాట్ దగ్గర తాడు అడ్డం కట్టే అధికారం కూడా అతనికి ఉంటే, ముసలమ్మలూ పసిపిల్లలూ నిదానంగా మెట్లు దిగి, మునకేసి, తడిబట్టలతో నవ్వుకుంటూ ఇళ్లకు చేరతారు.