దిగులును, ఎముకలును

మనోవ్యాధికి మందు లేదని పెద్దలు చెప్పుదురు. ఆ వ్యాధి ఎముకలను సయితము గుల్లచేయగలదని మాత్రము చాలమంది ఎరుగరు.

సోదరీమణులారా, ఎముక రాతివంటిదని మన మనుకొందుము. కాదు. దానిలో పాతభాగమును తొలచు కణములును, క్రొత్తభాగమును కట్టు కణములును నిత్యము పనిచేయుచునే యుండును. మనస్సు కలతచెందినపుడు మూత్రపిండములపై నుండు ఎడ్రినల్ గ్రంథులనుండి కార్టిసాల్ అను రసము హెచ్చుగా వెలువడును. పాము ఎదురైనపుడు అది మేలే చేయును. నెలల తరబడి హెచ్చియున్నచో కట్టు కణముల పని మందగించును. ప్రేగులు కాల్షియమును తక్కువగా గ్రహించును. మూత్రముతో అది ఎక్కువగా పోవును. 1932లో హార్వే కుషింగ్ వర్ణించిన జబ్బులో ఈ రసము మితిమీరి ఎముకలు పెళుసగును. సామాన్యమైన దిగులు అంతటిది కాదు గాని, 1996లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, మనోవిషాదమునకు లోనైన స్త్రీల ఎముకల సాంద్రత ఇతర స్త్రీలకన్న తక్కువగా నుండెను.

మా పెద్దక్కగారికి బావగారు గతించిన రెండేండ్లకు, పెరటిలో కాలుజారి మణికట్టు విరిగినది. వైద్యుడు డెక్సా పరీక్ష చేయించి, మందు వ్రాయుటకు ముందు, "నిద్ర పట్టుచున్నదా అమ్మా? అన్నము సయించుచున్నదా?" అని యడిగెను. మేము ఒకరి మొగము ఒకరము చూచుకొంటిమి. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలు పలుచబడుట కద్దు. అక్కగారు ఆపైన అన్నము సగము మానినది, వీధిగుమ్మము దాటి ఎండ మొగము చూడలేదు. ధైర్యము తెచ్చుకొమ్మని చెప్పిన బంధువులు పదిమంది యుండిరి. నడకకు తోడువచ్చినవారు ఒక్కరును లేరు!

వైద్యుడిచ్చినది అలెండ్రొనేట్ మాత్ర. వారమునకొకటి, పరగడుపున, నిండుగ్లాసు మంచినీళ్లతో మ్రింగి, అరగంటసేపు ఏమియు తినక, పండుకొనక యుండవలెను. ఏ వారమో తెలియని దుఃఖములో నున్న మనిషికి ఇది సాధ్యమా? రెండునెలల పిమ్మట చూడగా మాత్రలు చాలవరకు పెట్టెలోనే యున్నవి. నాటినుండి ప్రతి ఆదివారము కోడలు మాత్ర చేతికిచ్చి, అరగంటసేపు దగ్గర కూర్చుండి కబుర్లు చెప్పుచున్నది. మందుకన్న ఆ అరగంటయే ఎక్కువ పనిచేసినదని నా నమ్మకము, వైద్యుడు ఒప్పుకొనకపోవచ్చును.

మరియొక సంగతి. మనోవిషాదమునకిచ్చు మందులలో కొన్ని ఎముకలను కొంత పలుచన చేయవచ్చునని పరిశోధకులు అనుచున్నారు. అట్లని వానిని ఎవరికివారు మానరాదు, దిగులును ఎముకకు చేటే గదా. మనస్సుకు మందిచ్చు వైద్యునికి ఎముకల సంగతియు, ఎముకల వైద్యునికి మనస్సు సంగతియు దాచక చెప్పవలెను. ఎముకల వైద్యునితో దుఃఖము చెప్పుకొనుటకు మనవారు సిగ్గుపడుదురు.