చిన్న బంగారం

ఈ హాస్టల్ అన్నం తిని పదో తరగతి దాటిన మేము ముగ్గురం ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాం. మా మూడు ఇళ్ళలోనూ డిగ్రీ చేతికి తీసుకున్న మొదటివాళ్ళం మేమే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. మా పాఠాల్లో మాకు బాగా నచ్చిన సంగతి తమ్ముళ్ళకు చెబుతాం.

మా ఇళ్ళలో బంగారమంటే అమ్మ పుస్తెలు, చెవి కమ్మలు. ఫీజు కట్టాల్సినప్పుడల్లా కమ్మలు కుదువకు వెళ్ళి వచ్చేవి. బంగారానికి తుప్పు పట్టదు, నత్రికామ్లంలో వేసినా కరగదు. దేనితోనూ తేలిగ్గా కలవని లోహమనే మేమూ చదువుకున్నాం.

కానీ 1987లో జపాన్ శాస్త్రవేత్త మసతాకే హరుతా, ఆయన తోటివారు మరో సంగతి ప్రకటించారు. బంగారాన్ని కొన్ని నానోమీటర్ల రేణువులుగా చేసి ఐరన్ ఆక్సైడ్ వంటి పదార్థం మీద నిలిపితే అది మంచి ఉత్ప్రేరకమవుతుంది. మైనస్ 70 డిగ్రీల చలిలో కూడా విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు.

అదే బంగారం, మరి ఈ గుణం ఎక్కడిది? లెక్క చూడండి. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక నానోమీటరు ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరన్నర! 55 పరమాణువుల రేణువులో 42 బయటే ఉంటాయి. లోపలి పరమాణువు చుట్టూ 12 పరమాణువులుంటాయి. అంచున, మూలన ఉన్నదానికి అంతమంది పొరుగు ఉండరు. అందుకే అది ఎదురొచ్చిన అణువును పట్టుకోగలుగుతుంది.

ఇంకో మాట. ఈ రేణువులు వేడికి ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెద్దవైతే ఆ శక్తి తగ్గిపోతుంది. వాటిని విడివిడిగా నిలిపేది కింద ఉన్న ఆక్సైడే. చర్యలో దానికీ పాత్ర ఉంది. కెమిస్ట్రీలో దాన్ని సపోర్ట్ అంటారు.

ఆ పాఠం విన్న రోజు మాకు మా బ్యాచ్ గుర్తొచ్చింది. లెక్కల్లో మా కంటే ముందుండే ఇద్దరు టెన్త్ తర్వాత కాలేజీ హాస్టల్లో సీటు రాక తాపీ పనికి పోయారు. వాళ్ళకు తెలివి తక్కువై కాదు, నిలబడే చోటు దొరక్క.

తమ్ముళ్ళూ, టెన్త్ రిజల్ట్స్ రాగానే కాలేజీ దరఖాస్తుతో పాటే హాస్టల్ దరఖాస్తు కూడా పెట్టండి. వేసవి సెలవుల్లో మేము వస్తాం. ఫారాలు కలిసి నింపుదాం. కెమిస్ట్రీ డౌట్లుంటే నోట్సులో రాసి ఉంచండి.