ఆ బటన్ నొక్కిన రోజు

చెల్లి పెళ్లి శుభలేఖ నేనే చేస్తానని పట్టుబట్టాను. అప్పటికి విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో చేరి ఏడాదైంది. నాన్న ముప్ఫై ఏళ్లు కంపోజిటర్‌గా చేశారు. కంప్యూటర్లొచ్చాక ఆయన ప్రెస్సు మూతపడింది. ఆయన పని పోగొట్టిన కంప్యూటరే నాకు జీతం ఇస్తోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు.

శుభలేఖకు ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లీషు. ఇంగ్లీషుకి గారమండ్ ఇటాలిక్ పెట్టాను. సన్నటి గీతలు, కొసల్లో చిన్న చిన్న కొక్కేలు, కుడివైపుకి కాస్త ఒరిగిన అక్షరాలు. పేర్లు ఎంత ముద్దొచ్చాయో! తెలుగు కూడా అలాగే ఉండాలని మొత్తం సెలెక్ట్ చేసి 'ఐ' బటన్ నొక్కాను. అక్షరాలన్నీ వాలిపోయాయి. నా కంటికి బాగానే ఉంది.

ప్రూఫు నాన్న చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇంగ్లీషు బాగుందిరా. తెలుగే... కాలుజారి పడుతున్నట్టుంది."

నాకు రోషం వచ్చింది. "రెండిటికీ ఒకటే బటన్ నాన్నా!"

"బటన్ ఒకటేలే. అక్షరం ఒకటి కాదు" అంటూ పెన్సిల్ తీశారు. నిలువు టైపులో చిన్న 'ఎ'కి నెత్తి మీద ఒక వంపు ఉంటుంది. ఇటాలిక్‌లో ఆ వంపు పోయి, గుండ్రటి పొట్టా, పక్కన గీతా మిగులుతాయి. 'ఎఫ్' తోక లైను కిందికి దిగుతుంది. అంటే అది ఒంచిన అక్షరం కాదు, చేతిరాత చూసి విడిగా చెక్కిన అక్షరం.

"మా దగ్గర దానికి కేసే వేరు. బాటనీ పుస్తకాల్లో మొక్కల శాస్త్రీయ నామాలొస్తే ఆ కేసు దగ్గరికి వెళ్లేవాళ్లం. తెలుగుకి ఆ కేసు లేదు. నొక్కి చెప్పాలంటే లావు టైపే. నువ్వు ఒంచేసరికి తలకట్లు, ఒత్తులు ఎటో పోయాయి చూడు."

ప్రెస్సు మూతపడ్డాక ఆయన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

తర్వాత నేనూ చదివి తెలుసుకున్నాను. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త వర్జిల్ కావ్యాల్ని చేతిలో ఇమిడే పుస్తకంగా వేశాడు. మొత్తం ఇటాలిక్‌లో అచ్చయిన మొదటి పుస్తకం అదే. ఆ అక్షరాలు చెక్కినవాడు ఫ్రాన్సెస్కో గ్రిఫో. నేను వాడిన గారమండ్ సంగతి ఇంకా విచిత్రం. నిలువు అక్షరాలకు మూలం పారిస్‌కి చెందిన క్లాడ్ గారమండ్. ఇటాలిక్‌కి మూలం రాబర్ట్ గ్రాంజాన్ అనే మరొకాయన. ఇద్దరి చేతుల్లో పుట్టినవాటిని తర్వాతి కాలంవాళ్లు ఒక ఇంటివి చేశారు. పెళ్లి చేసినట్టే కదూ!

మర్నాడు నాన్న మొదటిసారి మా సెంటర్‌కి వచ్చారు. నా పక్కన స్టూలు మీద కూర్చుని, "ఆ పేరు కొంచెం కిందికి దించు... ఇంకొంచెం... చాలు" అంటూ శుభలేఖ సరిచేయించారు. తెలుగు నిటారుగా నిలబడింది. ఇంగ్లీషు అలాగే ఒరిగి ఉంది. లేస్తూ నా భుజం మీద చెయ్యేసి, "పని నేర్చుకుంటున్నావురా" అన్నారు.

నాన్న ఇప్పుడు లేరు. శుభలేఖ మాత్రం నా సొరుగులో ఉంది. తెలుగు కూడా వాల్చమని ఎవరైనా అడిగితే, అది తీసి చూపిస్తాను.