స్లాబు పోసినాక చిన్నది చేయలేం

ఈసారి రాసేది అకామా గొడవ కాదు, కంప్యూటర్ గొడవ. పదో తరగతి చదివినోడికి ఇదంతా ఎందుకురా అంటారేమో. మన ఓటీ డబ్బులు అందులోనే ఇరుక్కున్నాయి, అందుకే.

పోయిన ఆగస్టులో రాత్రి కాంక్రీటు పోస్తుంటే సైటు జనరేటర్ ఒక్కసారిగా ఆగింది. ఆఫీసు కంటైనర్లో లినక్స్ వేసిన పాత సర్వర్ కూడా దాంతో పాటే పడిపోయింది. పొద్దున ఆన్ చేస్తే అన్నీ ఉన్నాయి. కరెంటు పోయే ముందు నేను సేవ్ చేసిన ఓటీ షీటు మాత్రం పేరుంది, లోపలేం లేదు. సైజు సున్నా. పద్నాలుగు మంది నెల గంటలు అందులోనే. కువైట్ చట్టం ప్రకారం ఓటీకి మామూలు కూలి మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాల. కాగితం లేకపోతే ఏమని అడుగుతాం?

మా రిగ్గై రూములో రాజంపేట తమ్ముడొకడు సర్వర్ల పని చేస్తాడు. శుక్రవారం అన్నం తిన్నాక పట్టుకున్నా. "జర్నల్ ఉంది, ఏం పోదన్నావు కదరా?" అంటే, "జర్నల్ కాపాడేది లెక్కల పుస్తకాన్నే అన్నా, గోడౌన్లో సరుకుని కాదు" అన్నాడు.

ఫైల్ సిస్టమ్ అంటే స్టోర్ కీపర్ లాంటిది. ఏ సరుకు ఏ ర్యాకులో ఉందో రాసుకుంటాడు. ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ రెండూ పని చేసేముందు రఫ్ బుక్కులో రాసుకునే రకం. కరెంటు పోయినా పుస్తకం తప్పదు. కానీ నేను సేవ్ కొట్టిన సరుకు ఇంకా మెమరీలోనే ఉండింది, డిస్కుకి చేరలేదు. పుస్తకంలో పేరుంది, ర్యాకు ఖాళీ.

ఎక్స్ఎఫ్ఎస్ పెద్ద ఫైళ్ళకు మంచిదంట. రెడ్ హ్యాట్ 2014లో 7వ వెర్షన్ నుంచి దాన్నే మామూలుగా పెట్టింది. ఒక్కటే చిక్కు, పెంచొచ్చు గానీ తగ్గించలేం. స్లాబు లాగా. ఈఎక్స్‌టీ4 అయితే ఆపి తగ్గించొచ్చు.

బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ రకం వేరే. పాతదాని మీద రాయవు. కొత్త చోట రాసి, పని అయ్యాకే గుర్తు మారుస్తాయి. కొత్త గోడ లేచేదాకా పాత గోడ కొట్టకపోవడం. ఇంకోటి నాకు బాగా నచ్చింది. రాసిన ప్రతి ముక్కకీ ఒక లెక్క కట్టి పెట్టుకుని, చదివేటప్పుడు సరిపోయిందా లేదా చూస్తాయంట. మన క్యూబ్ టెస్ట్ లాగా. పోసేశాం కదా అని వదిలేయకుండా, 28వ రోజు పగలగొట్టి చూడడం. ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ అయితే పుస్తకానికే ఈ టెస్ట్ చేస్తాయి, సరుక్కి చేయవు.

"అయితే అదే వేద్దాం" అన్నా. వాడు తల గోక్కున్నాడు. బీటీఆర్ఎఫ్ఎస్‌ని సూసే కంపెనీ 2014 నుంచి సిస్టమ్ డిస్కుకి వాడుతోంది, డేటాకి మాత్రం ఎక్స్ఎఫ్ఎస్సే. రెడ్ హ్యాట్ 8లో బీటీఆర్ఎఫ్ఎస్ తీసేసింది. జెడ్ఎఫ్ఎస్ లైసెన్స్ వేరే కాబట్టి లినక్స్ అసలు కెర్నెల్లో చేరలేదు, విడిగా తెచ్చి పెట్టుకోవాల. నాకైతే క్యూబ్ టెస్ట్ ఉన్నదే నచ్చింది. వాడేమో చూసుకునే మనిషి లేని చోట అది వద్దు, ఎక్స్ఎఫ్ఎస్ పెట్టి ముందు యూపీఎస్ కొనండి, రోజూ వేరే డిస్కుకి కాపీ తీయండి అన్నాడు. ఏది వేసినా మెమరీలో ఉన్నది కరెంటు పోతే పోతుందంట. ఆఫీసోళ్ళకి చెప్పా. యూపీఎస్ కొన్నారు. డిస్కు ఇంకా రాలేదు.

షీటు సంగతి చెప్పలేదు కదా. మన మేస్త్రి ఒకాయన జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుంటాడు, రోజూ ఎవరు ఎన్ని గంటలు చేశారో పెన్సిల్‌తో రాస్తాడు. నేనే ఎన్నోసార్లు నవ్వినా. దాన్ని పట్టుకుని షీటు మళ్ళీ రాసి సంతకాలు పెట్టించా. ఆయన జ్వరంతో రూములో పడుకున్న రెండు రోజులు మాత్రం బుక్కులో లేవు. ఆ రెండు రోజుల గంటలు ముగ్గురికి ఇంకా రాలేదు.